పదకొండు వంతులు

ఆ వర్షాకాలంలో మూడు ఆదివారాలు నేను రాయిగా కూర్చున్నాను. నన్ను రాయిని చేసింది మా తమ్ముడు సంజయ్. చేసి మరిచిపోయాడనుకున్నాను. మరుపు కాదని తెలిశాక వచ్చిన కోపం ఇప్పటికీ పూర్తిగా దిగలేదు.

అదొక ఆట. సంజయ్ ఇంజనీరింగ్ కాలేజీలో నేర్చుకొచ్చాడు. నలుగురైదుగురు చుట్టూ కూర్చుంటారు. ఒకడు కథ నడుపుతాడు. అడవి, కోట, దెయ్యాలు, దొంగలు అన్నీ వాడివే. మిగతావాళ్ళు ఒక్కొక్కరూ ఆ కథలో ఒక్కో మనిషి. యుద్ధం వచ్చిందంటే అందరూ ఒకేసారి మీద పడకూడదు, వరసగా వంతులుంటాయి. నీ వంతు వచ్చినప్పుడు కథ నడిపేవాడు నీ వైపు తిరిగి "నువ్వేం చేస్తావు?" అని అడుగుతాడు. నువ్వు చెప్పాలి, ఇరవై ముఖాల పాచిక వెయ్యాలి. పడిన అంకెను బట్టి దెబ్బ తగిలిందో లేదో తేలుతుంది. అందరి వంతులూ ఒకసారి తిరిగితే ఒక రౌండు.

జూన్ మొదట్లో వాళ్ళ జట్టులో ఒకడు సెలవులకు ఊరెళ్ళిపోయాడు. కలకత్తా గార్డెన్ రీచ్‌లో, ఓడరేవు వాళ్ళిచ్చిన మా డాక్ క్వార్టర్ రెండు గదులే. అయినా ఆదివారం మధ్యాహ్నం ముందు గదిలో సందడి ఉండదని సంజయ్ ఆటను ఇంటికి తెచ్చాడు. వచ్చేవాళ్ళు ఇద్దరు. సాకేత్ వాళ్ళది హైదరాబాదు, వాళ్ళ నాన్నకు న్యూ టౌన్‌లో ఉద్యోగం. తియాషా బెంగాలీ అమ్మాయి, బెహాలా నుంచి వచ్చేది.

"అప్పా, ఒక మనిషి తక్కువైంది. నువ్వు కూర్చో," అన్నాడు సంజయ్. మా శ్రీకాకుళం వాళ్ళకు అక్క అంటే అప్ప.

నా మనిషి విలుకత్తె. పేరు నూకాలు అని పెట్టాను. సాకేత్ "అదేం పేరు" అని నవ్వాడు. తియాషాకు నోరు తిరగక "నూకా" అంది. మొదటి ఆదివారం నూకాలు రెండు తోడేళ్ళను కొట్టింది, తాళ్ళ వంతెన తెగిపోతుంటే తియాషా మనిషిని జుట్టు పట్టి లాగి కాపాడింది. ఆ పూట నాకెంత సంతోషమైందో చెప్పాలంటే సిగ్గేస్తుంది. రెండేళ్ళుగా ఇంట్లో "ఇది చెయ్యి, అది తే" అన్నవాళ్ళే గాని, "నువ్వేం చేస్తావు" అని అడిగినవాళ్ళు లేరు.

నేను పన్నెండో తరగతి పరీక్షలు రాసిన ఏడాది మా మామ్మ, అంటే నాన్నను కన్న తల్లి దాలమ్మ, నీళ్ళగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. అమ్మ వీధులూడ్చే పనికి తెల్లారకముందే వెళ్ళాలి, కార్పొరేషన్ ఉద్యోగం. నాన్నకు డాక్‌లో షిఫ్టులు. "మామ్మ నడిసేదాకా నువ్వింటికాడుండమ్మా, తరవాత సదూకుందువు గాని," అన్నాడు నాన్న. డాక్టరు ఆరు నెలలన్నాడు. ఉండిపోయాను.

ఇక ఆట. ఆ మొదటి ఆదివారం చివర్లో కోటలోని మంత్రగత్తె నూకాలు మీద మంత్రం వేసింది. నూకాలు నిలబడ్డ చోటే రాయైపోయింది.

"ఎంతసేపు?" అని అడిగాను.

"రెండు రౌండ్లే అప్పా. వచ్చే వారం లేస్తావు."

వచ్చే వారం అదే యుద్ధం కొనసాగింది. తియాషా వంతు, సాకేత్ వంతు, మంత్రగత్తె వంతు. మళ్ళీ తియాషా. రెండుసార్లు తిరిగింది.

"నా రెండు రౌండ్లు అయిపోయాయి కదా?"

"మంత్రం రౌండు మధ్యలో పడింది కదప్పా. సగం రౌండు లెక్కలోకి రాదు. ఇంకొకటుంది."

సరే అనుకున్నాను. ఆ ఇంకొకటి గడిచే లోపల మంత్రగత్తె నా మీద మళ్ళీ అదే మంత్రం వేసింది. "మళ్ళీ మొదటి నుంచి రెండు," అన్నాడు సంజయ్. వెంటనే, "ఎలాగూ ఖాళీగానే ఉన్నావు, చా పెట్టవా?" అన్నాడు.

పెట్టాను. టీతో పాటు మరమరాల్లో ఉల్లిపాయ ముక్కలు, ఆవనూనె కలిపి తెచ్చాను కూడా.

ఆ రెండో ఆదివారమే చివరికి మంత్రగత్తె పారిపోయింది. యుద్ధం అయిపోయింది. ఇప్పుడైనా లేస్తానా అని అడిగాను. సంజయ్ కాస్త ఆలోచించాడు. "రౌండ్లు యుద్ధంలోనే నడుస్తాయప్పా. యుద్ధం లేకపోతే రౌండ్లుండవు. రౌండ్లు లేనప్పుడు లెక్క ఎలా కదులుతుంది?" అన్నాడు. నూకాలును ఎద్దుబండి మీద పడుకోబెట్టి ఊళ్ళు తిప్పారు. సాకేత్ ఆ రాయి మీద గోనెసంచులు కూడా వేశాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వినందుకు నా మీద నాకే మంట.

మూడో ఆదివారం కొత్త యుద్ధం మొదలైంది. నేను నోరు తెరవకముందే సంజయ్ చెప్పేశాడు. "ఈ రాయి మంత్రం మామూలుది కాదు. మందు దొరికితేగాని విడవదు." రెండు రౌండ్లన్నది మందు దొరికేదాకా అయింది. ఆ మందు వెతకడానికి ఎవరికీ తొందర లేదు.

అదే పూట సాకేత్ మనిషికి పాము కరిచి విషమెక్కింది. మూడు వంతులన్నాడు సంజయ్. కాగితం మీద మూడు గీతలు గీశాడు. సాకేత్ వంతు ముగిసిన ప్రతిసారీ ఒక గీత కొట్టేశాడు. మూడూ అయిపోగానే "దిగిపోయింది బ్రో" అని వాడి భుజం తట్టాడు. నేను వంగి ఆ కాగితం మీద నా గీతల కోసం వెతికాను. అసలు నా పేరే లేదు.

మామ్మ మంచం ఆ గదిలోనే ఉంది. ఆమెకు ఆట అర్థం కాదు గాని, పాచిక ఎవరు వేస్తున్నారో కనిపిస్తుంది.

"ఒలే గుంటా," అంది నన్ను. "ఆ పిల్ల నాలుగు మాట్లు ఏసింది, ఆ గుంటడు నాలుగు మాట్లు ఏసినాడు. నీ వొంతెప్పుడే?"

"నేను రాయిని మామ్మా. కదలకూడదు."

"రాయివైతే చా ఎవులు పెట్టినారు?"

సాకేత్ పకపకా నవ్వాడు. సంజయ్ కూడా నవ్వాడు. నేను గ్లాసులు తీసుకుని వంటగదిలోకి వెళ్ళిపోయాను.

ఆ వారం సంజయ్ కాలేజీకి వెళ్ళిన సమయంలో వాడి అలమారలోంచి ఆట నియమాల పుస్తకం తీశాను. ఇంగ్లీషులో ఉంది, మూడొందల పేజీలు, స్పైరల్ కట్టించినది. నాకు కావలసింది సగం పేజీ. రెండు మధ్యాహ్నాలు కూర్చుని ఒక్కో మాటా కూడబలుక్కుని చదివాను.

దెబ్బ తిన్నవాడు కదల్లేకపోయినా వాడి వంతు వాడికి వస్తుంది. కథ నడిపేవాడు వాడి పేరు పిలవాలి. లెక్క పెట్టాల్సింది మంత్రం వేసినవాడి వంతు నుంచి కాదు, మంత్రం పడినవాడి వంతు నుంచి. వాడి వంతు ముగిసిన ప్రతిసారీ వాడు పాచిక వెయ్యాలి. పది గాని అంతకంటే ఎక్కువ గాని పడితే మంత్రం అక్కడికక్కడే విడిపోతుంది. ఒక మంత్రం నడుస్తుండగా అదే మంత్రం మళ్ళీ వేస్తే గడువు కొత్తగా మొదలవదు. యుద్ధం ముగిస్తే ఒక్క నిమిషంలో దానంతటదే పోతుంది.

మందు మాట ఆ పేజీలో ఎక్కడా లేదు.

పుస్తకంలోనే సంజయ్ ప్రతి యుద్ధం వంతులూ రాసుకున్న కాగితాలున్నాయి. రౌండ్లు లెక్కపెట్టాను. మంత్రం పడ్డాక మొదటి ఆదివారం ఒకటి, రెండో ఆదివారం ఆరు, మూడో ఆదివారం నాలుగు. పదకొండు. పదకొండుసార్లు నా వంతు వచ్చింది. రాకపోవడమేమీ లేదు, వచ్చింది. వాడు పిలవలేదు, అంతే.

నాలుగో ఆదివారం వాళ్ళు కూర్చోగానే నేనూ కూర్చుని, పుస్తకం ఆ పేజీ దగ్గర తెరిచి మధ్యలో పెట్టాను.

"ఏమిటప్పా ఇది?"

"చదువు."

"అబ్బా, కథ నడిపేవాడి మాటే ఆఖరిది అప్పా. అది కూడా ఈ పుస్తకంలోనే ఉంది."

తియాషా పుస్తకం అందుకుంది. పెదాలు కదుపుతూ చదివింది, మళ్ళీ పైనుంచి చదివింది. "సంజయ్, దీదీ ఠిక్ బోల్ఛే," అంది. అక్క చెప్పింది నిజమే అని. తర్వాత నా వైపు చూసి, "సారీ దీదీ, మేము గమనించనే లేదు," అంది బెంగాలీలో. ఆ అమ్మాయి మాటలో దాపరికం లేదు. నిజంగానే గమనించలేదు.

సంజయ్ చెవులు ఎర్రబడ్డాయి. "నాకు తెలుసు ఆ రూలు," అన్నాడు.

"తెలుసా?"

"తెలుసు. నిన్ను లేపితే మంత్రగత్తె నీ బాణాలకు రెండు రౌండ్లలో చచ్చిపోతుంది. నెలరోజులు కష్టపడి కట్టుకున్న కథ అది. వీళ్ళ వంతు ఆపితే గొడవ పెట్టుకుంటారు. నువ్వు ఇంటి మనిషివి. ఏమీ అనుకోవులే అని..."

ఇంటి మనిషి కాబట్టి ఏమీ అనుకోదు. వాడు ఆ మాట చెడ్డగా అనలేదు, ప్రేమగానే అన్నాడు. అదే నన్ను ఎక్కువ మండించింది.

"సరే, ఇప్పుడు వెయ్యి," పాచిక నా ముందుకు తోశాడు. "పది పడితే లేస్తావు."

"పదకొండు వంతులు పోయాయి సంజయ్."

"పోయినవి పోయాయప్పా. వాటినెక్కడ్నుంచి తేవాలి?"

నేను పాచిక ముట్టుకోలేదు. లేచి మామ్మ మంచం మీద కూర్చున్నాను. ఆ పూట చా అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. సాకేత్ తానే పెడతానని వంటగదిలోకి వెళ్ళి, పంచదార కనిపించక తిరిగొచ్చాడు. నేను చెప్పలేదు.

సాయంత్రం నాన్న రాత్రి డ్యూటీకి తయారవుతున్నాడు. నాన్న పేరు సత్యారావు. ఇరవై ఆరేళ్ళుగా డాక్‌లో పని. అమ్మ టిఫిన్ డబ్బా కడుతోంది.

"నాన్నా, మామ్మ నడిచేదాకా అన్నావు," అన్నాను.

"ఏటమ్మా?"

"మామ్మ నడుస్తుంది కదా. కర్ర పట్టుకుని కుళాయి దాకా వెళ్తుంది, అక్కడ అందరితో గొడవలు కూడా పడుతుంది. ఏడాది పైనే అయింది."

"నడస్తంది. మల్లీ పడితేనో?" నాన్న చొక్కా గుండీలు పెట్టుకుంటూనే ఉన్నాడు. "సంజయ్ సదువొక్కటి అయిపోనీ. ఇంకో మూడేళ్ళు. తరవాత నీ ఇష్టం."

"మూడేళ్ళు పోతే నన్నెవరూ తీసుకోరు. పన్నెండు తరవాత రెండేళ్ళ కంటే ఎక్కువ ఖాళీ ఉంటే ఆ కాలేజీలో సీటివ్వరు. ఈ ఏడే ఆఖరు. శుక్రవారంతో ఫారం మూసేస్తారు."

"మరిన్నాళ్ళూ అడగనేదేటి?"

నాకు ఒళ్ళు మండింది. "నేనడగాలా? ఆపింది నువ్వు నాన్నా. ఎన్నాళ్ళయిందో నువ్వు కదా చూసుకోవాలి? డాక్టరు ఆరు నెలలన్నాడు. నీకు గుర్తుందా అసలు? అమ్మ పన్నెండింటికల్లా వచ్చేస్తుంది. కాలేజీ పదింటికి. రెండు గంటలు. రోజుకు రెండు గంటల కోసం నన్ను రెండేళ్ళు కూర్చోబెట్టారు."

అమ్మ చేతిలో డబ్బా మూత ఆగింది. "నేనూ ఆలోసించనేదే," అంది చాలా చిన్నగా.

నాన్న డబ్బా తీసుకుని వెళ్ళిపోయాడు. సంజయ్ లోపలి గదిలోంచి అంతా విన్నాడని నాకు తెలుసు. బయటికి రాలేదు.

మర్నాడు సోమవారం. ఏడున్నరకు మామ్మ పసుపుపచ్చ నేత చీర కట్టుకుని, తల దువ్వుకుని మంచం మీద సిద్ధంగా కూర్చుంది. ఆ చీర పెళ్ళిళ్ళకు కట్టేది.

"పెట్టిలోన నీ కాయితాలున్నాయి, తీ," అంది. "ఆ ఫారం ఏ కొట్లో నింపుతారో అక్కడికెల్దాం పద."

"నేనెళ్తాలే మామ్మా. నువ్వెందుకు?"

"నాను నడిసేదాకా అన్నాడు గదేటి మీ నాన్న. నడిసి సూపిత్తాను."

రిక్షా పిలుస్తానంటే తిట్టింది. రాత్రి కురిసిన వానకు సందులో నీళ్ళు నిలిచాయి. ఇటుకల మీద అడుగు వేస్తూ, ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో నా మోచెయ్యి పట్టుకుని నడిచింది. మెయిన్ రోడ్డు దగ్గర చా దుకాణం ఉంది. రాత్రి డ్యూటీ దిగినవాళ్ళంతా అక్కడే కూర్చుంటారు. నాన్న కూడా ఉన్నాడు. మామ్మ అటు చూడలేదు. దుకాణం యజమాని బెంగాలీలో "ఏం మాషీమా, నడిచే వెళ్తున్నావా? ఎక్కడికి?" అని గట్టిగా అడిగాడు. మామ్మ ఆగింది. నలభై ఏళ్ళుగా కలకత్తాలో ఉన్నా ఆమె బెంగాలీ ఆమెదే. "నాత్నీర్ కాలేజ్," అంది. మనవరాలి కాలేజీకి. అని మళ్ళీ నడిచింది.

నేను వెనక్కి తిరిగి చూశాను. నాన్న గ్లాసు పట్టుకుని అలాగే ఉన్నాడు. లేవలేదు, పిలవలేదు.

కంప్యూటర్ కొట్టు ఇంకో ఆరేడు నిమిషాల నడక. మామ్మకు ఇరవై నిమిషాలు పట్టింది. స్టూలు మీద కూలబడి ఆయాసపడుతూ, "రాయి, రాయి" అని తొందరపెట్టింది. జాగ్రఫీ ఆనర్స్ అని నింపించాను. మార్కుల కాగితాలు ఎక్కించాడు కొట్టతను. ఆఖర్న ఆగాడు. స్కూల్లో ఇచ్చిన ఫోన్ నంబరుకు ఓటీపీ వెళ్ళింది, అది చెప్పాలన్నాడు. ఆ నంబరు నాన్నది.

ఫోన్ చేశాను. మోగింది. మోగుతూనే ఉంది. ఎత్తాడు. వెనక గ్లాసుల చప్పుడు వినిపిస్తోంది.

"నాన్నా, నీ ఫోనుకి ఒక నంబరొచ్చింది. చదువు."

కొట్టతను తెర మీద తగ్గిపోతున్న సెకన్లు చూపించాడు. మామ్మ నా చేతిలో ఫోనును కళ్ళార్పకుండా చూస్తోంది.

డాక్‌లో కంటైనర్ల నంబర్లు చదివీ చదివీ నాన్న అంకెలెప్పుడూ హిందీలోనే చెబుతాడు. "చార్," అన్నాడు. ఆగాడు. "జీరో. నౌ. దో." మళ్ళీ ఆగాడు. "దో. సాత్."

"ఇంకోసారి చెప్పు నాన్నా."

ఈసారి ఆగకుండా చెప్పాడు. "మామ్మకి రిక్షా ఎక్కించు తిరిగొచ్చేటప్పుడు," అని పెట్టేశాడు.

జూలై చివర్లో సీటు వచ్చింది. అమ్మకు రెండు పూటల డ్యూటీ పడ్డ రోజు సంజయ్ ఇంట్లో ఉండాలని నాన్నే చెప్పాడు. మొదటిసారి వాడు గునిశాడు, ల్యాబ్ పోతుందన్నాడు. "పోతే పోనాది. ఏటీ అనుకోకు," అంది మామ్మ. వాడికి ఆ దెబ్బ తగిలిందో లేదో నాకు తెలియదు. ఆట మానలేదు. ఇప్పుడు తియాషా నడుపుతుంది, బెహాలాలో వాళ్ళింట్లో ఆడతాం. ఒకసారి సంజయ్ మనిషి నిద్ర మంత్రంలో పడ్డాడు. ప్రతి రౌండులోనూ తియాషా వాడి పేరు పిలిచి పాచిక వేయించింది. మూడోసారికి లేచాడు. వాడు నా వైపు చూడలేదు.

ఆగస్టులో ఊరి నుంచి రఘురాం బాబాయి వచ్చాడు, నాన్నకు పినతండ్రి కొడుకు. ఉదయం నేను కాలేజీకి బయల్దేరుతుంటే ఇద్దరూ ముందు గదిలో కూర్చుని ఉన్నారు. నాన్న ముఖం గర్వంగా ఉంది.

"మా గుంట కాలేజీకెల్తంది," అంటున్నాడు. "జాగ్రఫీ. రెండేళ్ళు సదువొద్దని ఇంటికాడే కూకుంది గాని, ఇప్పుడు బుద్ధి పుట్టినాది."

చెప్పు వేసుకుంటున్నదాన్ని ఆగిపోయాను. బాబాయి "మంచిదే, మంచిదే" అంటున్నాడు. నవ్వి వెళ్ళిపోవచ్చు. ఎద్దుబండి మీద గోనెసంచులు వేసినప్పుడు అలాగే నవ్వాను.

"నేను వద్దన్లేదు నాన్నా," అన్నాను. "మీరు కూకోబెట్టినారు."

అమ్మ వంటగది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మామ్మ మంచం మీద లేచి కూర్చుంది. పైవాళ్ళ ముందు తండ్రిని అలా అనడం మా ఇళ్ళలో లేదు. నేను గుమ్మం దిగలేదు. నాన్న ఏమన్నా వెంటనే తిప్పికొట్టడానికి నాలుగు మాటలు నోట్లో సిద్ధంగా పెట్టుకున్నాను. ఆరు నెలల సంగతి, రెండు గంటల సంగతి, అన్నీ.

నాన్న అరచేతులతో మోకాళ్ళు రుద్దుకున్నాడు. బాబాయి వైపు తిరిగాడు.

"ఔను రా," అన్నాడు. "మేమే కూకోబెట్టినాం. ఆరు నెల్లని సెప్పి, రెండేళ్ళు."

సిద్ధంగా పెట్టుకున్న నాలుగు మాటలూ నాకు అక్కర్లేకపోయాయి. గుమ్మం దిగాను. సందు దాటి, చా దుకాణం దాటి, బస్టాపులో నిలబడ్డాక గాని వాన పడుతోందని తెలియలేదు. గొడుగు మడిచినది మడిచినట్టే చేతిలో ఉంది.